డాబా మీద గుంజీలు

మొన్న ఆదివారం మా అమ్మాయి హాల్లో పీట వేసుకుని దాని మీదికి ఎగరడం, దిగడం, మళ్ళీ ఎగరడం మొదలుపెట్టింది. ఏంటే ఈ కుప్పిగంతులు అంటే, మారథాన్‌కి తయారవుతోందట. "ఊరికే పరిగెడితే చాలదమ్మా, కాళ్ళకి బలం రావాలి, గంతులు వెయ్యాలి" అంది, అదేదో తనే కనిపెట్టినట్టు. కింది ఫ్లాటువాళ్ళు ఎక్కడ ఫోను చేస్తారోనని భయపడుతూనే నవ్వుకున్నాను. ఈ విద్యని అమీర్‌పేటలో ఒక డాబా మీద నేనెప్పుడో చూసేశాను.

అప్పట్లో అమీర్‌పేటలో గుమ్మం దిగితే చాలు, చేతిలో కంప్యూటర్ కోర్సు కరపత్రం పడేది. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళంతా ఆ చదువుకే వచ్చేవారు, నాతో సహా. నాతోపాటు గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా తమ్ముడు మాత్రం ఎస్సై అవుతానన్నాడు. దానికి ముందు అయిదు కిలోమీటర్ల పరుగు గట్టెక్కాలి. ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే నోరు మూసుకుని అక్కతోపాటు కంప్యూటర్లో చేరమన్నారు నాన్న. కుర్చీలో కాసేపు కుదురుగా కూర్చోలేనివాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఆ బెంగతో అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు వెధవ.

బస్సులు మొదలవకముందే లేచి పంజగుట్ట దాకా పరిగెత్తి వచ్చేవాడు. ఆయాసం లేదు గానీ, ఆఖర్లో కాళ్ళు పీచులా అయిపోతున్నాయని ఏడ్చేవాడు. గ్రౌండులో పరిచయమైన ఒక కానిస్టేబుల్ అన్న ఉపాయం చెప్పాడు. "ఉరుకుడొక్కటే సాలదు తమ్మీ. గుంజీలు తియ్యాలె, దుంకుడు సుత ఉండాలె. కాళ్లల్ల దమ్ముంటేనే ఆఖరుకు నిలబడ్తవ్."

మేముండేది డాబా మీది గదిలో. కింద ఇంటివాళ్ళు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు, అంకుల్‌కి సందు చివర టైలరింగ్ షాపు. వీడు పైన గంతులు మొదలెట్టగానే ఆంటీ వంటింటి కప్పు నుంచి సున్నం పెచ్చులు ఊడి పప్పు గిన్నెలో పడ్డాయి. గరిటె చేతిలో పట్టుకునే మెట్లెక్కి వచ్చింది. ఆ వేళకి వీడు గుంజీలు తీస్తున్నాడు. డాబా మీద నీడ ఉండేది మెట్ల గది గోడ పక్కనే. అద్దెకున్నవాళ్ళు ఉమ్మకుండా ఆ గోడకి ఆంటీ వినాయకుడి టైలు అంటించింది. పైగా వీడికి గుంజీలు నేర్పింది బళ్ళో మాస్టారి బెత్తం. అందుకని చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయేవి.

కళ్ళు మూసుకుని, చెవులు పట్టుకుని, వినాయకుడి ఎదుట లేచి కూర్చుంటున్న మావాణ్ణి చూసి ఆంటీ గరిటె దించేసింది. నా దగ్గరికొచ్చి గుసగుసగా, "గంత పెద్ద తప్పేం జేసిండు బిడ్డా?" అంది.

"తప్పేం కాదండీ, పరుగు పాసవ్వాలని" అన్నాను.

"మొక్కా! జర ముందుగాల్నే జెప్పొద్దా? మరి గా దుంకుడు?"

"అదీ అందుకేనండీ."

ఆ మర్నాటి నుంచి పప్పు గిన్నెకి మూత పడింది. వాడి గంతులకి అడ్డు లేకుండా పోయింది. కింది కొళాయి నుంచి మంజీరా నీళ్ళు పైకి మోయడం కూడా పుణ్యమేనంటూ ఆంటీ బిందెలన్నీ వాడి భుజానికే ఎత్తింది. వాడు కిక్కురుమనకుండా మోశాడు, కాళ్ళు గట్టిపడ్డాయి.

పరుగు రోజున ఆంటీ టైలు ముందు దీపం పెట్టి కూర్చుంది. మధ్యాహ్నం వాడు తల వంచుకుని సందులోకి రావడం చూసి మళ్ళీ తప్పాడనుకున్నాను. మెట్లెక్కాడు. టైలు ముందు ఆగి, చెవులు పట్టుకుని గుంజీలు మొదలెట్టాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"పాసయ్యానక్కా. ఆఖరి రౌండులో కాళ్ళు నా మాట విన్నాయి" అన్నాడు.

అవి వాడు దేవుడి కోసం తీసిన మొదటి గుంజీలు. "మొక్కు చెల్లించుకుంటుండు" అని ఆంటీ కూడా ఏడ్చేసింది. అంతకుముందు తీసినవి మొక్కు గుంజీలు కావని ఆవిడ పోయేదాకా వాడు చెప్పలేదు.

ఇప్పుడా ఇల్లు లేదు. వాడికి బొజ్జ వచ్చింది, మెట్రో మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కుతాడు. మేనకోడలి గంతుల సంగతి ఫోన్లో చెబితే పగలబడి నవ్వాడు. తర్వాత, "కింద పప్పు గిన్నెకి మూత పెట్టేవాళ్ళున్నారా అక్కా?" అన్నాడు.

దేవుడి ముందు చెవులు పట్టుకుంటే ఎంత తప్పయినా పోతుందనేది ఆంటీ. కాలం ముందు ఎన్ని గుంజీలు తీస్తే మాత్రం, ఆ డాబా మీది ఒక్క పొద్దయినా తిరిగొస్తుందా?