పిన్నీసులతో గుచ్చిన ఆకులు

పక్క తోటలో స్ప్రేయర్ మోటారు మొదలైంది. మందు ఘాటు గట్టు దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. పొయ్యి కట్టేసి బయటికి పరుగెత్తాను. కొబ్బరికి మళ్ళీ తెల్లదోమ వచ్చింది, మట్టల అడుగున సున్నం చల్లినట్టు పట్టింది. పొద్దుటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు. ఆ పక్క తోట ఒకప్పుడు సువార్తమ్మ టీచరుగారిది.

బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యాక ఆవిడ రసాయనాలు మానేసి, కొబ్బరి కింద అరటి, పసుపు, కంద వేశారు. పేడ, ఆవు మూత్రం, బెల్లం డ్రమ్ములో పులియబెట్టి పాదుల్లో పోసేవారు. నేను ముక్కు మూసుకుంటే, "నీకు కంపేనమ్మాయ్, నా అరటికి పరమాన్నం" అని నవ్వేవారు. మాదీ ఆవిడదంత చిన్న తోటే. కాకపోతే మాకు కొబ్బరి తప్ప మరో ఆధారం లేదు. అందుకే తెల్లదోమ మొదటిసారి వచ్చినప్పుడు మా ఆయన హడావుడిగా మందు తెచ్చారు. టీచరుగారు గట్టు మీద అడ్డంగా నిలబడ్డారు.

"మందు కొడితే దోమని చంపే పురుగు ముందు పోద్ది బాబూ. మళ్ళీ దోమొస్తే ఆపేవాళ్ళుండరు."

"కాయ పోతే మేమేం తినాలండీ?" అన్నారు మా ఆయన.

"నా అరటి గెలలు నరుక్కోండి. ఆయ్, నిజంగానే చెప్తున్నాను."

మర్నాడు తన తోటలోంచి నల్లచుక్కలున్న ఆకు ముక్కలు తెచ్చి మా మట్టలకు పిన్నీసులతో గుచ్చారు. ఒక్కో చుక్కా చచ్చిన దోమపిల్ల, దాని కడుపులో దోమను చంపే బుల్లి పురుగు పెరుగుతుందట. మా ఆయన పాపం వాటిని చూసి తెగులనుకుని, అన్నీ పీకి తగలబెట్టారు. టీచరుగారు గొంతు పెంచడం అప్పుడే విన్నాను. "అసలు మందే కాల్చేసేరు కదయ్యా!" అన్నారు. సాయంత్రానికి మళ్ళీ ఆకులూ పిన్నీసులూ పట్టుకొచ్చారు.

ఆ కాపు సగం పోయింది. నిజంగానే ఆవిడ గెలలమ్ముకుని తిన్నాం. రోజూ మట్టలు వంచి చూసుకోవడం, నిద్ర పట్టకపోవడం, మా ఆయనతో పోట్లాట. వానలు వెళ్ళాక కొత్త మట్టలు శుభ్రంగా వచ్చాయి. తర్వాత మేమూ కొబ్బరి కింద అరటి, పసుపు వేశాం. కాయ తగ్గిన ఏడు గెల ఆదుకుంటోంది. పురుగుమందుల కొట్టు గడప తొక్కి చాలా కాలమైంది. నీటి బోదెల్లో కప్పలు మళ్ళీ అరుస్తున్నాయి. ఇవన్నీ చూసి మురిసి, పోయినేడు ఆవిడ కన్నుమూశారు. ఆ తోట కౌలుకు తీసుకున్నాయనకు ఇవేవీ తెలియవు.

అక్కడ కొట్టే మందు గాలికి మా చెట్ల మీదకీ వస్తుంది. నాకు భయంగా ఉంది, కోపంగానూ ఉంది. మా తోటలో నల్లచుక్కల ఆకులు ఏరుకుని, పిన్నీసుల డబ్బా పట్టుకుని గట్టెక్కాను.

"అన్నయ్యగారూ, కాస్త మోటారు ఆపండి. మందు లేకుండానే ఇది తగ్గుద్దండీ."

"తగ్గకపోతే? కాయ పోతే మీరిస్తారా అండీ?" అన్నాడాయన విసుగ్గా.

వెనక్కి తిరిగి మా అరటి వైపు చూశాను. ఈ ఏడు మా గెలలు బాగా దిగాయి.

"మా గెలలు నరుక్కోండి," అన్నాను. "ఆయ్, నిజంగానే చెప్తున్నాను."