కోటలో అందరిదీ ఒకటే పాస్‌వర్డ్

గూడూరు దగ్గరి కోట అనే ఊళ్ళో, వాకాడు రోడ్డు మీద, ఎరువుల కొట్టుకీ రొయ్యల మేత గోడౌనుకీ మధ్య ఒక చిన్న గది ఉంది. అందులో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వేలిముద్ర మిషను, గోడకి చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. బయట బోర్డు మీద ‘బేతేల్ నెట్ సెంటర్’ అనీ, దాని కింద తెరిచిన సంవత్సరమూ రాసి ఉంటుంది. ఎవాంజెలిన్ దాన్ని పద్నాలుగేళ్ళుగా నడుపుతోంది. స్కాలర్‌షిప్పులు, చెరువుల లైసెన్సులు, పడవల రిజిస్ట్రేషన్లు, పరీక్ష ఫీజులు, చుట్టుపక్కల ఊళ్ళ దరఖాస్తుల్లో సగం ఆమె చేతి మీదుగానే పోతాయి.

మొదట్లో ఆమె అందరినీ అడిగేది, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారని. “నీ ఇష్టం అక్కా” అనేవాళ్ళు. సొంతంగా పెట్టుకున్నవాళ్ళు నెల తిరక్కుండానే మరిచిపోయి వచ్చేవాళ్ళు. పడవ లైసెన్సు కోసం వచ్చిన ఒకాయన మూడుసార్లు మరిచిపోయాక ఎవాంజెలిన్ విసిగిపోయింది. అప్పట్నించీ అందరికీ ఒకటే పెట్టింది. షాపు పేరు, అట్ గుర్తు, షాపు తెరిచిన సంవత్సరం. మరిచిపోయినవాళ్ళు తలెత్తి బోర్డు చూస్తే చాలు. ఊళ్ళో సగం మందికి అది తెలుసు. ఒకరిది ఇంకొకరు తెరుస్తారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పిల్లల హాల్ టికెట్లు పక్కింటివాళ్ళే తీసి పెట్టేవాళ్ళు. అది ఒక సౌకర్యంగానే నడిచింది.

ఎవాంజెలిన్‌కి బ్రౌజర్ అప్‌డేట్లంటే పడదు. ఆరేళ్ళ కిందట ఒక అప్‌డేట్ తర్వాత వేలిముద్ర మిషను పనిచేయడం మానేసింది. రేషన్ కార్డుల పని మీద వచ్చిన ముసలివాళ్ళు రెండు రోజులు ఎండలో నిలబడ్డారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ‘తర్వాత’ అనే నొక్కింది. స్క్రీను మీద కుడివైపు పై మూలలో అప్‌డేట్ గుర్తు మొదట ఆకుపచ్చగా, కొన్నాళ్ళకి నారింజ రంగులో, చివరికి ఎర్రగా కనిపించేది. అదే వైపు కింద గడియారం ఉన్నా, గుర్తుని చూడకుండా టైము చూడడం ఆమెకి అలవాటైంది.

ఈ జులైలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సైటు తెరవబోతే, మీ బ్రౌజర్ పాతది, ఇందులో తెరుచుకోదు అని వచ్చింది. కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే పిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, షట్టరు సగం దించి, ఎవాంజెలిన్ అప్‌డేట్ నొక్కింది.

సోమవారం పొద్దున మొదటి గొడవ డౌన్‌లోడ్లది. అంతకు ముందు కింద పట్టీలో కనిపించేవి కాస్తా పైన మూలకి పోయి, చిన్న బాణం గుర్తులో దాక్కున్నాయి. రొయ్యల చెరువులున్న నరేంద్రబాబు తన లైసెన్సు కోసం పావుగంట కూర్చున్నాడు.

“ఏంది మేడమ్, నా లైసెన్సు నీ కంప్యూటర్ మింగేసిందా?”

“ఈడే ఉండాది సార్. ఇల్లు మారింది, అంతే.”

“మారేదేదో మాకు చెప్పి మారకూడదా?”

వేలిముద్ర మిషను మాత్రం పనిచేసింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. పదకొండింటికి ఒక స్కాలర్‌షిప్పు తెరుస్తుంటే కొత్త పెట్టె ఒకటి వచ్చింది. ఈ కంప్యూటర్‌లో దాచిన ఆరువందల పద్నాలుగు పాస్‌వర్డ్‌లూ ఒకటేననీ, అది ఏదో సైటు నుంచి బయటికి పొక్కిన జాబితాలో దొరికిందనీ, వెంటనే మార్చమనీ ఉంది. ఆమె పెట్టె మూసేసింది. తర్వాతి దరఖాస్తు తెరిస్తే మళ్ళీ వచ్చింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని, ఈ అప్‌డేట్‌లో ఏం మార్చారో రాసిన పేజీ మొదటిసారి తెరిచింది. కొత్త సదుపాయాలు నాలుగైదు. వాటి కింద, దొంగలు దూరకుండా మూసిన కంతలు ఇరవైకి పైగా. ప్రతి కంతకీ ఒక నంబరు, అది ఎంత ప్రమాదమైనదో ఒక మాట, దాన్ని కనిపెట్టి చెప్పినవాళ్ళ పేరు. ఎక్కడ తప్పు జరిగిందో చేసినవాళ్ళే వరసగా రాసి లోకం ముందు పెట్టుకున్నారు. ఆమె ఆ వరస చివరిదాకా చదివింది. సగం అర్థం కాలేదు. అన్నం చల్లారిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర భర్త కిషోర్ బాబుతో చెప్పింది. అతను కృష్ణపట్నం పోర్టులో ఎలక్ట్రీషియను.

“ఎవురికీ చెప్పబాకు” అన్నాడతను. “నిదానంగా నువ్వే అన్నీ మార్చెయ్.”

“మార్చి? మళ్ళా నేనే పెట్టాలా?”

“నువ్వు పెట్టబట్టే గదా నీ దగ్గరకి వస్తుండారు. ఎవురిది వాళ్ళు పెట్టుకుంటే నీతో పనేముండాది?”

ఆ మాటలో నిజం ఉంది. బస్టాండు దగ్గర ఇంకో రెండు సెంటర్లు వెలిశాయి. వాటి కంటే ఈమె దగ్గర ఎక్కువేమీ లేదు, ఈ ఆరువందల పద్నాలుగు తప్ప.

మంగళవారం పొద్దున తలుపు మీద ఒక కాగితం అంటించింది. ‘మీ అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టినాను. అది బయట పడింది. తప్పు నాది. వచ్చి మీకు నచ్చింది పెట్టుకోండి. డబ్బులు తీసుకోను.’ తప్పు నాది అన్న మాట మొదటి కాగితంలో లేదు. చించి మళ్ళీ రాసింది.

జనం నవ్వారు. “బయట పడేదేంది, ఎప్పుడో బోర్డు మీదే ఉండె గదా” అన్నాడు నరేంద్రబాబు. కొందరు విసుక్కున్నారు, మాకు ఈ తంటా ఏంటని. అయినా వచ్చారు. రానివాళ్ళకి ఆమె ఫోన్లు చేసింది. ఒక్కొక్కరిని కుర్చీలో కూర్చోబెట్టి, కీబోర్డు వాళ్ళ వైపు తిప్పి, “మీరు కొట్టండి, నేను చూడను” అని క్యాలెండరు వైపు తిరిగి నిలబడేది. దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే ‘ఎప్పటికీ వద్దు’ నొక్కమనేది. రెండు రోజుల్లో ఆ నెల తేదీలన్నీ ఏ వారంలో పడ్డాయో ఆమెకి కంఠతా వచ్చాయి.

బుధవారం వినీల, వాళ్ళమ్మ చెంచులక్ష్మి వచ్చారు. వినీల ఇంజనీరింగ్ ఆప్షన్లలో మొదటిది విశాఖపట్నంలో కాలేజీ పెట్టుకుంది. ఆప్షన్లు మార్చుకోవడానికి గురువారం సాయంత్రం ఆరు దాకా గడువు. పాస్‌వర్డ్ మార్చాలంటే ఓటీపీ రావాలి. జూన్‌లో దరఖాస్తు చేసినప్పుడు నాన్న ఫోను చెరువుల దగ్గరుండడంతో అమ్మ నంబరే ఇచ్చారు. చెంచులక్ష్మిది రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని. ఏళ్ళ తరబడి ఐసులో నాని ఆమె వేళ్ళ గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషను ఆమెని ఎప్పుడూ మొదటిసారి గుర్తుపట్టదు, ఫోను కూడా అంతే.

మెసేజ్ రాగానే ఆమె ఫోను దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకే గట్టిగా చదివింది. “నాలుగు. సున్నా. ఏడు. మళ్ళా ఏడు.” ఆరూ అయ్యాక, “సరింగా చెప్పినానా?” అని అడిగింది.

“బాగా చెప్పినావు లక్ష్మీ.”

ఎవాంజెలిన్ గోడ వైపు తిరిగింది. వెనక కీల చప్పుడు.

“నాక్కూడా చూపించవా ఏంది?” అంది చెంచులక్ష్మి.

“నువ్వూ అటు తిరుగు మా.”

తల్లి నవ్వుతూ వచ్చి ఎవాంజెలిన్ పక్కన నిలబడింది. ఇద్దరూ క్యాలెండరు చూశారు.

ఆ సాయంత్రమే రేవతి వచ్చింది. రేవతికి ఎవాంజెలిన్ ఫోను చేయలేదు. జాబితాలో ఆ పేరు దగ్గరికొచ్చిన ప్రతిసారీ కిందికి దాటేసింది. మూడేళ్ళ కిందట గడువు ఆఖరు రోజున రేవతి అన్న వచ్చి, మా చెల్లెలి మొదటి ఆప్షను మార్చి గూడూరు దగ్గర కాలేజీ పెట్టు మేడమ్ అన్నాడు. ఇంటివాళ్ళు చెప్పారు కదా అని ఆమె మార్చింది. సీటు వచ్చాక రేవతి పరుగెత్తుకొచ్చి, నేను పెట్టింది ఇది కాదు గదా అక్కా అని అడిగింది. ఎవాంజెలిన్ ప్రింటరులో కాగితాలు సర్దుతూ, సర్వర్ అప్పుడప్పుడు అట్టా చేస్తాదమ్మా అంది. అప్పట్నించీ ఆ పిల్ల రోజూ పొద్దున ఏడింటికి కాలేజీ బస్సులో షాపు ముందు నుంచే పోతోంది.

రేవతి కుర్చీలో కూర్చుంది. ఎవాంజెలిన్ గోడ వైపు తిరిగింది.

“అక్కా, ఆ రోజు సర్వర్ కాదు గదా.”

క్యాలెండరు మీద ఆదివారాలు ఎర్రగా ఉన్నాయి.

“కాదమ్మా. మీ అన్న చెప్పినాడు, నేను మార్చినాను.”

కీలు కదిలాయి. ఎనిమిదో తొమ్మిదో దెబ్బలు. “అయింది” అని రేవతి లేచింది. మెట్టు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. వినీల ఇంట్లోనూ ఇలాగే జరగొచ్చని అప్పటికి ఎవాంజెలిన్‌కి తట్టలేదు.

గురువారం నాలుగున్నరకి వినీల తండ్రి పెంచల్ వచ్చాడు. చెరువుల కాడ కాపలా మనిషి. చొక్కా జేబులో వినీల హాల్ టికెట్ ప్రింటు మడిచి పెట్టుకున్నాడు. లోపల ఎవరూ లేకపోవడం చూసుకుని కూర్చున్నాడు.

“అక్కా, పిల్లది ఒకటి మార్చాల. ఆ విశాఖపట్నం తీసేసి గూడూరు కాలేజీ పైన పెట్టు.”

“వినీలకి చెప్పినావా?”

“నెల్లూరు పోయింది, సర్టిఫికెట్ పని మీద. వచ్చేసరికి రాత్రి ఏడు గంటలవతాది.”

“వచ్చినాక చెప్పొచ్చు గదా పెంచలయ్యా.”

“చెప్తే ఏడుస్తాది. ఏడిస్తే నేను సరేనంటా.” అతను మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. “గూడూరుదైతే బస్సు మన వీధి చివరికి వస్తాది. సాయంత్రానికి ఇంట్లో ఉంటాది. విశాఖలో జొరమొస్తే ఎవురుండారు మాకు? నేను పోదామన్నా ఒక రాత్రి, ఒక పగలు. చెరువు వదిలిపెట్టి ఎట్టా పోయేది? సీటు రాలేదంటే అదే ఊరుకుంటాది.”

అతను చెడ్డవాడు కాదు. రేవతి అన్న కూడా చెడ్డవాడేం కాదు.

“నా చేతిలో లేదు” అంది ఎవాంజెలిన్. “నిన్ననే ఆ పిల్ల సొంతంగా పెట్టుకుంది. అదేందో నాకు తెలీదు.”

“నీకు తెలీకపోవడమేంది!” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఊరందరివీ నీ దగ్గరే గదా.”

“ఇప్పుడు లేవు. కాగితం చూళ్ళేదా తలుపు మీద?”

పెంచల్ తలుపు వైపు చూశాడు, కాగితం అటువైపు అంటించి ఉంది. “అయితే ఇంకో దారేం లేదా?”

లేదు అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. సైటు పనిచేయడం లేదంటే సరిపోతుంది. ఇంకో గంటన్నరలో గడువు అయిపోతుంది. నిన్న గోడ వైపు తిరిగి రేవతితో అన్న మాట గుర్తొచ్చింది.

“ఉంది” అంది. “మరిచిపోయినామని నొక్కితే ఓటీపీ వస్తాది. దాంతో కొత్తది పెట్టుకోవచ్చు. కానీ నేను నొక్కను. ఆ పిల్ల వచ్చి కూర్చుంటేనే నొక్కుతా.”

పెంచల్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కీబోర్డు చూశాడు. రెండు రోజులుగా అది వచ్చినవాళ్ళ వైపే తిరిగి ఉంది. అతను కుర్చీ ముందుకి లాక్కుని, ప్రింటు మడత విప్పి, ఒక్క వేలితో హాల్ టికెట్ నంబరు కొట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడ నొక్కాలో అడగలేదు. తెర మీద తెలుగులోనే ఉంది. ఆమె అతని చేయి పట్టుకోలేదు, కరెంటు తీయలేదు. తను పెట్టిన నియమానికి తనే దొరికిపోయినట్టు నిలబడింది.

తొంభై రెండుతో ముగిసే నంబరుకి ఓటీపీ పంపాం అని వచ్చింది.

“ఇది లక్ష్మిది” అన్నాడు పెంచల్. ఫోను తీసి స్పీకరులో పెట్టాడు. రెండోసారి మోగుతుండగానే చెంచులక్ష్మి ఎత్తింది. వెనక ఐసు కొడుతున్న చప్పుడు.

“ఏమే, నీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటాది. చూసి చెప్పు.”

“దేనికి?”

“పిల్లదాని కాలేజీ పని మీద ఎవాంజెలినక్క దగ్గరుండా. గూడూరుది పైన పెట్టిస్తుండా. చెప్పు ముందు.”

ఐసు చప్పుడు. ఎవరో గంపలు లాగుతున్నారు.

“ఏం రాలేదే” అంది చెంచులక్ష్మి.

“సరింగా చూడు.”

“చూస్తానే ఉండా గదా. రాలేదు.”

పెంచల్ మళ్ళీ నొక్కాడు. పంపాం అని మళ్ళీ వచ్చింది. మళ్ళీ అడిగాడు.

“నా చేతులు తడి, ఫోను ఇనడం లేదు. ఏం రాలేదయ్యా. మేస్త్రీ చూస్తుండాడు, పెడతా.”

మూడోసారి నొక్కాక, ఇక ఈ రోజుకి పంపడం కుదరదు, రేపు ప్రయత్నించండి అని తెర మీద పడింది. పెంచల్ వెనక్కి ఆనుకున్నాడు.

“సర్వర్ గొడవంటావా అక్కా?”

నాలుగు, సున్నా, ఏడు, మళ్ళా ఏడు అని నిన్న ఇదే గదిలో వినిపించిన గొంతు.

“ఆ ఫోను నా చేతిలో లేదు పెంచలయ్యా” అంది. “నేనేం చెప్పేది?”

అతను ప్రింటుని మొదటి మడతల్లోనే జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచేటప్పుడు, “ఈ అప్‌డేట్లు మీకెందుకొచ్చినాయక్కా” అన్నాడు, కోపం లేకుండా. సైకిలు తీసుకుని చెరువుల వైపు పోయాడు.

ఆరింటికి సైటులో ఆప్షన్ల గడువు ముగిసింది అని వచ్చింది. ఆమె ఆ పేజీ మూసింది.

ఇంకో పావుగంటకి చెంచులక్ష్మి వచ్చింది. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళు తడి. మెట్టు మీదే నిలబడి ఫోను ముందుకి చాపింది.

“అక్కా, ఇయ్యి తీసెయ్. ఆయన రాత్రికి వస్తే ఫోను చూస్తాడు.”

మూడు మెసేజ్‌లు, ఒకదాని కింద ఒకటి.

ఎవాంజెలిన్ చేయి చాపబోయి ఆగింది. “నువ్వే తియ్. దాని మీద వేలు పెట్టి కాసేపు అట్టాగే పట్టుకో. చెత్తబుట్ట బొమ్మ వస్తాది.”

చెంచులక్ష్మి వేలు పెట్టింది. ఫోను పట్టించుకోలేదు. మళ్ళీ పెట్టింది. కొంగుతో వేలు తుడుచుకుని, నోటి దగ్గర పెట్టి ఆవిరి ఊది, ఇంకోసారి పెట్టింది. మొదటిది పోయింది.

“ఇంటికి పోయి ఆయనకి ఏం చెప్తావు?” అంది ఎవాంజెలిన్.

“అడిగితే చూద్దాం.” ఆమె తల ఎత్తలేదు. రెండోదాని మీద వేలు పెట్టి, ఫోను గుర్తుపట్టేదాకా కదలకుండా పట్టుకుంది.