మూలన ఊదా మచ్చ

పుదుచ్చేరి సముద్రం కూడా తన నీలం సరిగ్గా ఉందో లేదో సుబ్బరాయలు తాతనే అడిగి తెలుసుకుంటుందని మనవరాలు రంజని అందరికీ చెబుతుంది. ఆ ఊళ్ళో సారం పేటలోని వాళ్ళింట్లో మంచానికి చోటు లేదు గానీ, చెక్క తలుపుల పాత కలర్ టీవీలు పదకొండు ఉన్నాయి. ఉప్పుగాలి తగలకుండా వాటికి తువ్వాళ్ళు కప్పి, నిద్రపోతున్న పసిపిల్లల మధ్య నడిచినట్టు నడుస్తాడు తాత.

మొన్న పక్కనున్న కురుచికుప్పం పేటలో కుప్పమ్మాళ్ అనే ఆవిడ తన టీవీని పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. తెర మూలన ఊదా మచ్చ పడిందట, దిష్టి తగిలిన వస్తువు ఇంట్లో ఉండకూడదట. లోపలి రాగితీగ కోసం వాడు సుత్తి ఎత్తేసరికి, రంజనిని ఎక్కించుకొని ఆ దారిన పోతున్న తాత సైకిల్ దిగి టీవీని కావలించుకున్నాడు. "కొట్టొద్దురా, ఇది బతికే ఉండాది!" బదులుగా తన సైకిల్ వాడికిచ్చి, కుప్పమ్మాళ్ ఇంట్లోనే దాన్ని వెలిగించి, సంచిలోంచి, మచ్చకు కారణమైన అయస్కాంతశక్తిని వదిలించే తీగచుట్ట తీసి తెర ముందు గుండ్రంగా తిప్పాడు. రంగులు నీళ్ళలో కలిసినట్టు సుడి తిరిగాయి. కళ్ళు అరమోడ్చి తాత కూడా వాటితో ఊగుతూ వెనక్కి నడిచాడు. మచ్చ కరిగిపోయింది.

"దిష్టి తీసేస్తివే అన్నా!" కుప్పమ్మాళ్ చెంపలు వేసుకుంది. "మా ఇంటాయన దీని ముందరే కూర్చొనేవాడు. నాకే ఇచ్చెయ్."

తాత అయస్కాంతం మాట ఎత్తలేదు. టీవీని ఒకసారి నిమిరి, తన భుజం మీది తువ్వాలు దానికే కప్పి, నడుచుకుంటూ ఇంటిదారి పట్టాడు.

వెంట వచ్చిన రంజని ఊరుకోలేదు. "టీవీ పాయె, సైకిల్ పాయె, తువ్వాలూ పాయె. ఇంక నీకేం మిగిలింది తాతా?"

"నువ్వు మిగిలినావు గదా, ఆ నోరేసుకొని."