ఒలవని అరటిపండు

మార్కాపురంలో ఎక్కిన బస్సు కంభం దాటినా, నా పక్క సీటులోని అమ్మాయికి దగ్గు ఆగలేదు. ఎండకు కమిలిన ముఖం, రాయిలా బిగిసిన పిక్కలు. నా సంచిలోని దగ్గుమందు సీసా మూత తీసి ఇచ్చాను.

"వద్దక్కా."

నాకు రోషం వచ్చింది. "ఎంగిలనుకుంటున్నావా? నేను నోరు పెట్టలేదులే అమ్మా."

"అయ్యో, అట్ల కాదక్కా. నేను సైకిల్ రేసులకు పోతా. రేసు అయినాక గెలిచినోళ్లను పిలిచి, బలానికి మందులేమన్నా వాడినారేమోనని మూత్రం పరీక్ష చేస్తారు. ఒకామె ఎదురుగా నిలబడి చూస్తది. మనమే రెండు సీసాల్లో పోసి సీలు వేయాల. ఒకటి పరీక్షకు, ఇంకోటి అనుమానమొస్తే మళ్లా చూసేదానికి. కొన్ని దగ్గుమందులు గూడా అందులో దొరికిపోతాయి. తెలీక తాగినానన్నా వినరు, రేసుల్లోకి రానీయరు."

"ఆమె అట్ల చూస్తుంటే సిగ్గనిపించలేదా?"

ఆ అమ్మాయి నవ్వింది. "నన్ను ఇంకా పిలవలేదక్కా. గెలిస్తే గదా! పిలిచిన రోజు భయం లేకుండా పోవాల."

సీసా సంచిలో పెట్టేశాను. గిద్దలూరులో బస్సు ఆగగానే కిటికీలోంచి అరటిపండ్లు కొని, ఆమెకిద్దామని ఒకటి ఒలవబోయాను. ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒలవొద్దక్కా, సీలు పోతది!"

బస్సంతా తిరిగి చూసేలా ఇద్దరం నవ్వాం.

ఆమెను ఆ పరీక్షకు పిలిచారో లేదో నాకు తెలియదు. అరటిపండు ఒలిచినప్పుడల్లా మాత్రం, పిలిచే ఉంటారనిపిస్తుంది.