ఆయన ఓడిపోయిన ఒక్కసారి

పోయినసారి మీరు ఎవరికి భయపడి ఓటు వేశారు?

కోపం తెచ్చుకోకండి. నచ్చే వేశామంటే సంతోషం. కానీ మా అక్క ఊరున్న నియోజకవర్గంలో ఒక ఎమ్మెల్యే ఉన్నారు. ఏడుసార్లు పోటీ చేసి ఆరుసార్లు గెలిచారు. మొదట ఇండిపెండెంటుగా, ఆ తర్వాత రెండు పార్టీల నుంచి. కొన్నాళ్ళు మంత్రి. పెళ్ళికి పిలిస్తే వస్తారు, చావుకి పిలవకపోయినా వస్తారు. ఊరూరా మనుషుల్ని పేరు పెట్టి పలకరిస్తారు. ఇందులో ఏదీ అబద్ధం కాదు.

ఈ మధ్య ఆయనకు సన్మానం తలపెట్టారు. దానికో సంచిక వెయ్యాలని, ఆయన జీవితం నన్ను రాయమని, నా పాత విద్యార్థి ఒకడు విజయనగరంలో మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడతను ఆయన అనుచరుడు.

“మేస్టారూ, మొదటి గెలుపు కాణ్ణించీ వరసగా రాసీండి. ఆ మద్దిలోది మాత్రం ఒగ్గీండి.”

“మధ్యలోది ఏమిటి?”

“అదేనండీ, ఓడిపోనారు కదా. శుభమా అని సన్మానం సేస్తా అదెందుకు?”

ఆ ఒక్క ఓటమి గురించే నాకు తెలుసు. మిగతా ఆరు గెలుపులూ దానివల్లే అర్థమయ్యాయి. అందుకని సంచికకు రాయనని చెప్పి పంపేసి, ఇది రాస్తున్నాను.

మా అక్కను ఇచ్చిన ఊరు వంశధార దిగువన ఉంది. ఊరికీ పొలాలకూ మధ్య ఒక గెడ్డ, వాగులాంటిది. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు. వానల్లో మనిషిని నిలవనివ్వదు. ఆయన రెండోసారి గెలిచినప్పుడు దానిమీద వంతెనకు శంకుస్థాపన చేశారు. ఈ గట్టున ఒకటి, ఆ గట్టున ఒకటి, రెండు స్తంభాలు లేచాయి. అక్కడితో ఆగింది. ఊరివాళ్ళు ఆ స్తంభాల మధ్య మోకు కట్టుకుని, దాన్ని పట్టుకుని దాటేవారు. మూడోసారీ నాలుగోసారీ ఆయన అదే వంతెన చెప్పారు, అలాగే గెలిచారు.

ఎలాగంటారా? ఆ ఊళ్ళో పోలింగుకు రెండు రోజుల ముందు ఇంటింటికీ ఒక పళ్ళెం వస్తుంది. అమ్మవారి పటం, పసుపు కలిపిన బియ్యం, వెలిగించిన కర్పూరం, నిమ్మకాయలు. మగవాళ్ళను అడగరు, తాగి మరిచిపోతారని. ఇల్లాలిని గుమ్మంలోకి పిలుస్తారు. ఒక చేత్తో పసుపు బియ్యం, ఇంకో చేత్తో మెడలో పుస్తెలు పట్టుకోమంటారు. “ఈ ఇంట్లో ఓట్లన్నీ బాబుకే” అని ఆమె అనాలి. అన్నాక గుమ్మానికి ఒక నిమ్మకాయ కట్టి వెళతారు. ఊళ్ళో అందరూ బాబుగారనే ఆ ఎమ్మెల్యే మాత్రం ఆ పళ్ళెం వెంట ఎన్నడూ రారు. ఎవరైనా అడిగితే, “జనం భక్తి, నేనేం చేస్తాను?” అంటారు.

అయిదోసారి ఎన్నికలకు నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. అప్పటికి కొత్తవలసలో పంతులు ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాణ్ణి. ఎదుటివాణ్ణి నోరెత్తనివ్వకపోవడమే వాదన అనుకునే వయసు. పొద్దున్న అక్క గుమ్మంలో నిలబడి ఒట్టు వేసింది. సాయంత్రం బడి వరండాలో ఊరందరి ముందూ నేను లేచాను. అక్క గుమ్మం నుంచి తెంపి తెచ్చిన నిమ్మకాయను కోసి, గ్లాసు నీళ్ళలో పిండి, గటగటా తాగాను.

“చూశారా? నాకేమైనా అయిందా?”

మా బావ వెనక నుంచి అరిచాడు. “ఒరే బామ్మర్దీ, కూసింత పంచదారైనా ఏసుకోవాల్రా! ఆ మొకం సూస్తే నిజింగానే ఏదో అయిపోనట్టుంది!”

ఊరు ఊరంతా నవ్వింది. ఆ నవ్వుతో గెలిచాననుకున్నాను.

ఇంటికి వచ్చాక అక్క అన్నం పెడుతూ అడిగింది. “ఒరే, ఒట్టు తప్పితే నిజంగా ఏటీ అవదా?”

“ఏమీ అవదు. నాది పూచీ.”

“అయితే నీ పూచీ మీదే ఓటు అవతలోడికి ఏస్తన్నాను. వొంతెన కట్టనోడికి ఒట్టేటి, గట్టేటి!”

మర్నాడు బస్సెక్కి వచ్చేశాను.

ఆ ఊరు, దాని చుట్టుపక్కల ఇంకో నాలుగు ఊళ్ళు తిరగబడ్డాయి. ఆయన ఓడిపోయారు. బావ ఫోన్ చేసి పగలబడి నవ్వాడు. “నీ నిమ్మకాయ రసం బాబుకి బేదులు పట్టించీసిందిరా!” కొత్తగా గెలిచినవాడు కూడా వంతెన జోలికి పోలేదు. అదీ చెప్పాలి.

ఆ ఏడే, వరి పొట్టమీద ఉండగా తుపాను పట్టింది. మడిలో నీరు నిలిచిపోయిందని, గట్టు తెగ్గొట్టి వస్తానని బావ పార పట్టుకుని మధ్యాహ్నం గెడ్డ దాటాడు. తిరిగి వచ్చేసరికి నీళ్ళు పెరిగాయి. మోకు పట్టుకుని సగం దూరం వచ్చాడట. ఈ గట్టు మీద ఉన్నవాళ్ళు చూస్తూనే ఉన్నారు. మూడో రోజున కళింగపట్నం దగ్గర, నది సముద్రంలో కలిసేచోట, పడవలు చూసుకోవడానికి వెళ్ళిన జాలర్లకు శవం కనిపించింది.

ఓడిపోయిన ఎమ్మెల్యే గారు మర్నాడే వచ్చారు. తెల్లబట్టల్లో, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అక్క తలమీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. తర్వాత, పెద్దగా కాదు, అందరికీ వినపడేటంత మెల్లగా అన్నారు:

“ఏం చేస్తాం తల్లీ. అమ్మవారితో ఆటలాడకూడదమ్మా.”

నేను అక్కడే ఉన్నాను. ఆయన కుర్చీకి రెండు మూరల దూరంలో. వంతెన మాట నా గొంతుదాకా వచ్చింది. చావింట్లో గొడవ ఏమిటి, అక్కకు ఇంకా బాధ కదా అని మింగేశాను. ఊళ్ళోవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన తర్వాతి రెండు గెలుపులూ ఆ వాకిట్లోనే ఖాయమయ్యాయి.

తర్వాతి ఎన్నికలకు ఆ పళ్ళెం వెంట మా అక్క తిరిగింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. విధవ ఆ పళ్ళేన్ని ముట్టుకోకూడదు కనక, నాలుగడుగులు వెనకగా నడిచేది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, లోపలి ఆడవాళ్ళతో, “నన్ను సూడండే. నాలాగ సెయ్యకండే” అనేది. ఈ సంగతి విని పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

“బావను తీసుకుపోయింది గెడ్డ అక్కా. వంతెన లేక పోయాడు.”

“గెడ్డ ఎప్పుడూ ఉన్నాది. ఊరంతా దాటతన్నారు. మరి మీ బావనే ఎందుకు తీసుకుపోనాది?”

“ఒట్టు తప్పినవాళ్ళు ఊరంతా ఉన్నారు. వాళ్ళ మొగుళ్ళు బతికే ఉన్నారు కదా! ఒట్టు నిలబెట్టుకున్న ఎదురింటామె మొగుణ్ణి లారీ గుద్దలేదా?”

అక్క నన్ను చూసి, “నువ్వెప్పుడూ గెలుస్తావురా. గెలిసి బస్సెక్కి ఎల్లిపోతావు” అంది.

జీవితంలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే. రుజువులన్నీ నా దగ్గరే ఉన్నాయి. కానీ బావ పోయిన రోజు నుంచీ ఆమె చెవిలో ఒక్క మాటే ఉంది. దాన్ని ఆ రోజే, ఆ మనిషి ఎదుటే, కాదని అనాల్సినవాణ్ణి నేను. రుజువులు పట్టుకుని ఏళ్ళు గడిచాక వచ్చాను.

ఇప్పుడు నెలకోసారి వెళ్ళి రెండు రోజులు ఉంటున్నాను. ఉపన్యాసాలు మానేశాను. తోటలో వంకాయలు కోసిపెడతాను, ఆమె వండుతుంది. మొదట్లో బావ మాట ఎత్తనిచ్చేది కాదు. పోయిన నెల తనే ఎత్తింది. చేట పక్కన పెట్టి, నా వైపు చూడకుండా అడిగింది.

“ఒరే, గెడ్డే తీసుకుపోనాదని నీకంత బాగా తెలిస్తే, ఆ రోజు బాబుగారి ముందర ఎందుకు సెప్పలేదురా?”

ఏమని చెప్పను? మర్యాద అని చెప్పనా? భయపడ్డానని చెప్పాను. ఆమె మళ్ళీ చేట అందుకుంది. నమ్మిందో లేదో తెలియదు. ఇన్నేళ్ళూ మొగుణ్ణి తానే చంపుకున్నానని అనుకుంటూ బతికిన మనిషి ఒక్క పూటలో తేలికపడదు. బహుశా ఎప్పటికీ పడదేమో.

ఆయన ఎనిమిదోసారి నిలబడతారని అంటున్నారు. నిలబడనివ్వండి. ఓటెవరికి వెయ్యాలో నేను చెప్పను. చెప్పేది ఒకటే. మీ ఊళ్ళో రోడ్డు లేక, వంతెన లేక, డాక్టరు లేక ఒక మనిషి పోయినప్పుడు పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు. వాళ్ళలో ఒకరు ఆ చావును చల్లగా దేవుడి మీదికో, ఆ ఇంటి ఆడదాని మీదికో నెట్టేస్తారు. సమయం కాదని ఊరుకోకండి. పదో రోజు దాకా ఆగకండి. అక్కడే లేవండి. ఆ మనిషి మొహం మీదే, ఆ ఇల్లాలు వినేట్టుగా, “కాదు” అనండి.