అమ్మవారి ముందు ఒకటి, డబ్బాలో ఒకటి

మా ఇంట్లో ఈ సంగతిని ఆయుధపూజ మహిమగా చెప్పుకుంటారు. "అమ్మవారే కాపాడింది" అని అత్తమ్మ మొదలుపెడుతుంది, వచ్చినవాళ్లు చెంపలు వేసుకుంటారు, మా ఆయన ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతాడు. నేను ఒప్పుకోను. అమ్మవారి మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ రోజు కాపాడింది నేను. సరే, సగం నేను.

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అప్పుడే ముప్పై దాటాను. చదివింది కామర్సే అయినా, ఆఫీసులో మూలన పడేసిన కంప్యూటర్ని కోడంబాక్కంలో మా ఇంటిదాకా ఆటోలో తెచ్చి (తీసుకుపొమ్మని వాళ్లే బతిమాలారు, దొంగతనం కాదు), వీడియోలు చూసి దాన్ని ఇంటి సర్వర్ చేశాను. ఇంట్లో అందరి ఫొటోలు, పాటలు, కాగితాలు ఒకచోట దాచే యంత్రం అన్నమాట. అసలు పట్టుదల మాత్రం మామయ్య క్యాసెట్ల కోసం. ఆయన డబ్బింగ్ థియేటర్లలో బతుకంతా గొంతు అరువిచ్చిన మనిషి. హీరోకి కాదు. కానిస్టేబులు, పెళ్లి పురోహితుడు, గుంపులోంచి "పట్టుకోండి" అని అరిచేవాడు, తలుపు తీసి "అయ్యా, బండి సిద్ధం" అని చెప్పి వెళ్లిపోయేవాడు, వీళ్లంతా మా మామయ్యే. ఆ ముక్కలన్నీ క్యాసెట్లలో పట్టి దాచుకున్నారు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ గొంతు బొంగురుపోయింది, పిలిస్తే పక్క గదికి వినపడేది కాదు. క్యాసెట్లదీ అదే వయసు. టేపు ఒక్కసారి తిరిగి తెగిపోయేది. అంటే నాకు దొరికేది ఒక్క అవకాశం. సరస్వతీ పూజ సాయంత్రం (ఇక్కడ ఆయుధపూజా ఆ రోజే) ఆయన పాత స్నేహితులు వచ్చి వింటామన్నారు. అప్పటికల్లా అన్నీ సర్వర్లో ఉండాలి.

యంత్రంలో పెద్ద డిస్కులు నిదానం మనుషులు. అందుకని చురుకైన చిన్న డ్రైవులు రెండు కొని, రెంటినీ జతచేసి క్యాష్ పూల్ పెట్టాను. లారీ నీళ్లు వచ్చినప్పుడు ముందు వాకిట్లో బిందెలకు పట్టేసి, తర్వాత తీరిగ్గా లోపలి తొట్టిలో పోసుకుంటామే, అంతే. ఫైళ్లు ముందు ఈ చిన్నవాటిలో పడతాయి, తెల్లవారుజామున వాటంతటవే పెద్ద డిస్కుల్లోకి పోతాయి. తగవు ఎక్కడ వచ్చిందంటే, రెండు డ్రైవులనూ కలిపి ఒక పెద్ద బిందె చెయ్యమని మా ఆయన. రెంటిలోనూ అదే ఉండాలి, ఒకటి పోయినా ఇంకొకటి నిలబడాలి అని నేను. "రెండు బిందెలు కొని ఒక బిందె నీళ్లు పట్టేదానికి కాలేజీకి పోవాల్నా?" అన్నాడాయన. చిల్లి పడిన రోజున తెలుస్తుందన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో సాంబారు కూడా ఈ వాదన మధ్యలోనే ఉడికింది. చివరికి నేనే గెలిచాను. (గెలవడమంటే, ఆయన ఆఫీసుకు పోయాక నాకు నచ్చిన సెట్టింగు పెట్టుకోవడం.)

పూజ ముందురోజు సాయంత్రం ఆఖరి క్యాసెట్లు ఎక్కించానో లేదో, అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. పనిచేసే వస్తువేదైనా పూజకు విశ్రాంతి తీసుకోవాల్సిందేనంది. కుట్టుమిషను, మిక్సీ, బండి తాళాలు అప్పటికే వరుసలో ఉన్నాయి. ఆపేశాను. అంటే ఆ క్యాసెట్లు ఇంకా బిందెల్లోనే ఉన్నాయి, తొట్టికి చేరలేదు.

మర్నాడు పూజ అయ్యాక హారతి కళ్లకద్దుకుని చూస్తే, మిక్సీ పక్కన తమలపాకు మీద నా డ్రైవు. పేకముక్కల కట్టంత వస్తువు, నడినెత్తిన గంధం, కుంకుమ. ఎండలకు వేడెక్కుతోందని నేనే డబ్బా మూత తీసి, డ్రైవులను తీగలకు వేలాడదీసి ఉంచాను. అది వేరే సంగతి.

"అత్తమ్మా, దాన్నెందుకు పీకారు?"

"అంత డబ్బాను ఆడ నుంచి ఈడకి మొయ్యను నా చేతనవుతుందా? చేతికి అందింది తెచ్చి పెట్టినా."

వెనక్కి ఇమ్మన్నాను. పూజలో పెట్టిందాన్ని రేపు పొద్దున పునఃపూజ కాకుండా కదిపేది లేదంది. తీగకు తగిలించేది కాసేపేనని, అమ్మవారేమీ అనుకోదని, నాకు తోచిన శాస్త్రాలన్నీ చెప్పాను. "సుమ్మా ఊరికే అరవబాక" అంది. మా ఆయన గోడ గడియారాన్ని పరీక్షగా చూస్తున్నాడు. మామయ్య కుర్చీలోంచి లేవలేదు. "నా గొంతు పోయిందామ్మా?" అన్నారు, ఆ బొంగురు గొంతుతోనే.

పోలేదన్నాను. ధీమాగానే అన్నాను. సెట్టింగు చదివి పెట్టానే గాని, ఒకటి పీకి చూసింది ఎవరు?

"రెండోది ఎందుకు వదిలేశారు?" అని అడిగాను.

"ఇంట్లో రెండు కత్తులుంటే ఒకటి పూజకి, ఒకటి కూరలకి పెట్టుకుంటాం కదమ్మా. పూజలో పెట్టింది తొంగుంటుంది, పెట్టనిది పని చేస్తుంది. ఇంత చదివినావు, ఇది తెలీదా?"

వారం రోజులు నేను గొంతు చించుకున్న సిద్ధాంతం ఇదే. మా ఆయనకు అప్పుడే అర్థమయినట్టు తల ఊపాడు. (నేను చెప్పినప్పుడు కాలేదు.)

వాకిట్లో చెప్పుల చప్పుడు. స్నేహితులు వచ్చేశారు. యంత్రం వేశాను. ఒక డ్రైవు కనపడడం లేదని తెర మీద ఎర్రగా అరిచింది. అరవనీ అని నొక్కాను. తెరుచుకుంది. క్యాసెట్లన్నీ ఉన్నాయి.

"అయ్యా, బండి సిద్ధం."

ఎంత గట్టి గొంతో. కిటికీ ఊచలు మోగాయి. స్నేహితులు తొడలు చరుచుకున్నారు. మామయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకుని కొంచెం ముందుకు వంగారు.

"ఎవరిదిరా ఆ గొంతు? బాగుందే" అన్నారు.

అందరూ ఫక్కున నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. గెలిచినదాన్ని కదా.

మర్నాడు పునఃపూజ అయ్యాక కుంకుమ గుండుసూదితో తీసి డ్రైవును మళ్లీ తగిలిస్తే, రెండూ మళ్లీ ఒకటే మాట మీదికి వచ్చాయి. మొగుడూ పెళ్లాలకి అంత తొందరగా సాధ్యం కాదు. సగం పేరు అత్తమ్మకి ఇవ్వడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు. కావాలంటే అమ్మవారు కూడా వచ్చి అడగవచ్చు. ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, అన్నిటికీ జవాబు చేతిలో పట్టుకు తిరిగేది. ఈమధ్య ఫోనులో ఎప్పుడో రికార్డయిన నా పాత మాటలు వినపడితే, ఎవరీమె అని నేనూ ఒక్క క్షణం ఆగుతున్నాను. అందుకే మామయ్యను ఇప్పటికీ అడుగుతుంటాను, ఆయన నవ్వి ఊరుకుంటారు. ఆ సాయంత్రం ఆయన హాస్యానికే అన్నారా, నిజంగానే గుర్తుపట్టలేదా?