ఒకే షీటు మాత్రలు

ఆగస్టులో ఒక సోమవారం సాయంత్రం మా అక్క నా ఆకుపచ్చ నేత చీరకు ఫాల్ కుట్టింది. చివరి ముడి వేసి, దారం పంటితో తెంపి, "ఇస్త్రీ నువ్వే చేయించుకో, నాకు ఓపిక లేదు" అంది. మర్నాడు పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ సూది పట్టలేదు. తొమ్మిదో రోజున పోయింది.

అక్క పేరు వెంకటరావమ్మ. ఇంట్లో అందరికీ రావమ్మ. పెడనలో మా బావ అంకమ్మరావు మగ్గం నేస్తుంటే, పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళు కండెలకు నూలు చుట్టింది. మగ్గం మూలపడ్డాక ఇద్దరూ భవానీపురం వచ్చేశారు. చీరలకు ఫాల్స్ కుట్టి ఇల్లు నడిపింది. ఏ చీర వచ్చినా ముందు తిరగేసి చూసేది. నేసినవాడి చెయ్యి వెనకవైపే తెలుస్తుందనేది.

యాభై దాటాక ముట్లు ఆగిపోయాయి, ఆవిర్లు మొదలయ్యాయి. కూర్చున్నచోటే మెడ నుంచి మంట లేచేది. చెమట చీరల మీద పడుతుందని తడి తుండు మెడకు చుట్టుకుని కుట్టేది. "మీ అక్క వీపు మీద అట్టు పోసుకోవచ్చు, గ్యాస్ దండగ" అనేవాడు బావ. నవ్వేది గానీ, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

నాకు నలభై రెండేళ్ళకే గడ్డలని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అప్పుడు నాకూ ఇవే ఆవిర్లు వస్తే మా డాక్టరమ్మ హార్మోను మాత్ర రాసింది. హాయిగా ఉంది. అక్క అవస్థ చూడలేక ఒక షీటు తెచ్చి ఇచ్చాను. మాకిది కొత్త కాదు. చిన్నప్పుడు ఒకరికి జ్వరమొస్తే, సీసాలో మిగిలిన మందు రెండోవాళ్ళకు పట్టేది అమ్మ. ఒక కడుపున పుట్టినవాళ్ళు, ఒకరికి పడింది ఇంకొకరికి పడదా అనేది. జాకెట్టు కొలత కూడా మా ఇద్దరిదీ ఒకటే.

నెల తిరిగేసరికి అక్కకు నిద్ర పట్టింది. "నీ పుణ్యమే దుర్గా, ఇవాళ కల కూడా వచ్చింది" అని ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత ఖాళీ షీటు చూపించి మందుల షాపులో తనే కొనుక్కునేది. అలా మూడేళ్ళు. మధ్యలో ఏ డాక్టరూ చూడలేదు.

ఒకరోజు నా చెవి దగ్గరకొచ్చి, "మళ్ళీ పెద్దమనిషినయ్యానే" అంది.

"పేరంటం పిలవమంటావా?" అన్నాను.

కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ముట్లు ఆగిన ఆడదానికి మళ్ళీ రక్తం కనబడితే నవ్వే సంగతి కాదని మా ఇద్దరికీ తెలియదు. ఆరు నెలలు పోయాక బావ ఆసుపత్రికి తీసుకెళితే, గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ అన్నారు. అప్పటికే పక్కలకు పాకింది.

పెద్దకర్మ అయ్యాక నా మాత్రల కోసం డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. మాటల్లో అక్క సంగతి చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"మాత్ర చెడ్డది కాదమ్మా. మీకు గర్భసంచి లేదు కాబట్టి ఆ ఒక్కటీ సరిపోతుంది. ఉన్నవాళ్ళకు దాంతోపాటు రెండో హార్మోను కూడా ఇవ్వాలి. లేకపోతే లోపలి పొర పెరిగిపోతూ ఉంటుంది."

అక్కడినుంచి ఆటో నేరుగా భవానీపురం పోనిమ్మన్నాను. బావ కాళ్ళమీద పడి చెప్పేయాలనుకున్నాను. నేను సగం చెప్పేలోపే ఆయన లేచి, బీరువాలోంచి ఆసుపత్రి ఫైలు తీసి మొదటి కాగితం నా చేతిలో పెట్టాడు. ఇదివరకు వాడిన మందుల దగ్గర నా మాత్ర పేరు ఉంది. ఎవరూ చెప్పకుండా సొంతంగా కొని వాడినట్టు పక్కనే ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఎవరిచ్చారని డాక్టరు రెండుసార్లు అడిగాడు. నీ పేరు చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికి తెలియనియ్యొద్దు అంది" అన్నాడు బావ.

కాగితం మీద తారీఖు చూశాను. జనవరి ఇరవై మూడు.

నా చీరకు ఫాల్ కుట్టింది ఆగస్టులో.